అశోకవనంలో సుందరమ్మ

నలభై నాలుగేళ్ళొచ్చినా కృపమ్మకు తల్లి మొహం ఎలా ఉంటుందో తెలియదు. బాపట్లలో ఊరి పిల్లలందరికీ అక్షరాలు దిద్దించిన పంతులమ్మ, తన తల్లిని మాత్రం ఎరగదు. ఆమె పుట్టిన మూడోరోజే సుందరమ్మ కన్నుమూసింది. ఫోటో అన్నది ఒక్కటీ లేదు. ఉన్నదల్లా ఒక నాటకం తెర.

తండ్రి రాజారత్నం తెరల మీద బొమ్మలు వేసేవాడు. కొలకలూరు దగ్గర జగన్నాథరావుగారి మామిడితోట నూరేళ్ళనాటిది. వేసవి వస్తే నాటకసమాజాల మకాం అక్కడే. చెట్టుకొక రాజు, పుట్టకొక మంత్రి గొంతు చించుకుని పద్యాలు సాధన చేసేవాళ్ళట. ఆ తోటలో కాయలు కోసే సుందరమ్మను రాజారత్నం చర్చిలో పెళ్ళాడాడు, అశోకవనం తెర మీద బొమ్మగా వేశాడు. “చూపించు నాన్నా” అని ఎప్పుడడిగినా “చూద్దాంలేమ్మా” అనేవాడు. అలా అంటూ అంటూనే 1986లో పోయాడు.

మరుసటి వేసవిలో కృపమ్మ తెనాలిలో రైలు దిగి కొలకలూరు బస్సెక్కింది. తోటలో సగం చెట్లు కొట్టేశారు. ఆ మోళ్ళ మధ్యగా నడిచి జగన్నాథరావుగారి ఇంటి వసారా ఎక్కింది.

“మా అమ్మ బొమ్మున్న తెర చూద్దామని వచ్చానండి.”

“అశోకవనమా? సమాజంవాళ్ళు ఇక్కడే వదిలేసిపోయారు, ఉందండి. మా మామగారు పారెయ్యనిస్తేగా!” అంది జగన్నాథరావుగారి కోడలు హైమావతి, మజ్జిగ చేతికిస్తూ.

ముసలి కాపలాదారు యలమంద వసారాలో తెర దించాడు. చెట్లు, పూలు, వాటి మధ్య రాక్షసులు. మనిషన్నవాళ్ళు ఒక్కరూ లేరు.

“మా అమ్మేది బాబాయ్?”

యలమంద మూలకు వేలు చూపించాడు. మామిడిచెట్టు కింద, కాయలు కోసే చిక్కం కర్ర పట్టుకుని, పెదాల మీదికి కోరలు దిగిన రాక్షసి.

“ముందు మామూలుగానే వేశాడమ్మా మీ నాన్న. అశోకవనంలో మామిడికాయలు కోసే మనిషేంటి, చెరిపెయ్, లేదంటే రాక్షసిని చెయ్యమన్నారు సమాజం పెద్దలు. అప్పటికి మీ అమ్మ పోయి వారం కాలేదు. చెరపటానికి చెయ్యి రాలేదు. ఏడుస్తూనే కోరలు పెట్టాడు.”

హైమావతి తలదించుకుంది. కృపమ్మకు తండ్రి అన్న “చూద్దాంలేమ్మా” గుర్తొచ్చింది. ఇన్నేళ్ళూ ఆ మాట ఎవరికీ చెప్పుకోలేక ఎంత నలిగిపోయాడో మనిషి!

తెర దగ్గరకు వెళ్ళి, ఆ నోటి మీద అరచెయ్యి అడ్డం పెట్టింది. కోరలు మరుగైపోయాయి. చేతికి పైన ఇరవయ్యేళ్ళ ఆడపిల్ల ఎండకు కళ్ళు చికిలించి, ఆ కళ్ళతోనే నవ్వుతోంది.

“అమ్మా” అంది కృపమ్మ. తల్లి మొహంలోకి చూసి ఆ మాట అనడం ఆమెకదే మొదలు.

“చెయ్యి నొప్పెడుతుంది, కూర్చో తల్లీ” అన్నాడు యలమంద.

ఆమె చెయ్యి తీయలేదు.