గద్వాల కెమెరా, శ్రీరంగాపూర్ కుర్చీ

నా దగ్గరున్నది డబ్బా కెమెరా. నల్లటి పెట్టె, ముందు ఒక గాజు కన్ను, పక్కన ఒక మీట, అంతే దాని సంసారం. నాగర్‌కర్నూల్ బడిలో పాఠాలు చెప్పుకుంటూ, సెలవు దొరికితే దాన్ని భుజాన వేసుకుని ఊళ్లు తిరగడం నా పిచ్చి. ఎండ బాగా ఉండి, ఎదుటివాళ్లు కదలకుండా నిలబడితే అది మంచి బొమ్మే ఇస్తుంది. ఆ రెండో షరతే నన్ను ఈ ప్రయాణానికి పంపింది.

శ్రీరంగాపూర్‌లో ఉండే మా అక్క రంగమ్మకు కొన్నేళ్లుగా తల వణుకుతుంది. కూర్చున్నా నిలబడ్డా, కాదు కాదు అంటున్నట్టు అటూ ఇటూ ఊగుతూనే ఉంటుంది. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆవిడే. మొన్న ఉగాదికి ఇంటిల్లిపాదినీ వరుసగా నిలబెట్టి ఫోటో తీశాను. అందరి ముఖాలూ వచ్చాయి. అక్క ముఖం మాత్రం తడిచేత్తో తుడిచిన పలకలా అలుక్కుపోయింది. ఆవిడ దాన్ని చేతిలోకి తీసుకుని, “అందరున్నరు. నేనే లేను” అని తిరిగి నా చేతిలో పెట్టేసింది. తిట్టినా బాగుండేది. ఆ తర్వాత చాలా రోజులు నాకు అన్నం సహించలేదు.

డబ్బా కెమెరాకు ఒకటే వేగం. దాని కన్ను తెరుచుకుని మూసుకునేలోపు అక్క తల అటునుంచి ఇటు వచ్చేస్తుంది. వేగం పెంచుకునే వీలున్న మడత కెమెరా అయితే ఆ ముఖం దొరుకుతుందేమో. యుద్ధం వచ్చాక కొత్తవి రావడం మానేశాయి. గద్వాలలో వీరన్న అనే చీరల వ్యాపారి తన జర్మనీ మడత కెమెరా అమ్ముతున్నాడని తెలిసింది. ధర నా రెండు నెలల జీతం. మా ఆవిడ వినగానే, “ఆ పైసలకు బర్రె వస్తది. బర్రె పాలిస్తది, కెమెరా ఏమిస్తది?” అంది. కొనాలో, ఉన్నదానితోనే సర్దుకోవాలో చూసి వద్దామని, దాచిన డబ్బు వెంట పెట్టుకుని దసరా సెలవుల్లో బయల్దేరాను.

నాగర్‌కర్నూల్ నుంచి వనపర్తికి పొద్దున్నే బస్సు ఉంది. పెట్రోలు కరువులో అది బొగ్గు మీద నడుస్తోంది. వెనకాల బాయిలరు, దాని పొగంతా వెనక సీట్ల వాళ్లకే. టిక్కెట్టు అణాల్లోనే అయిపోతుంది గాని, ఆ డబ్బుకు సగం దారి నడవాల్సి వస్తుందని ముందే చెబుతున్నాను. ఎత్తు వచ్చినప్పుడల్లా డ్రైవరు బండి ఆపి, “సార్లూ, జర దిగుండ్రి. బొగ్గుకు దమ్ము సాల్తలేదు” అనేవాడు. అందరం దిగి పక్కనే నడిచేవాళ్లం. “దమ్ము నీ బొగ్గుకు లేదు సరే, మాకున్నదని ఎవరు చెప్పిండ్రయ్యా?” అన్నాను. “లేకుంటే గిన్ని మాటలెట్ల మాట్లాడ్తరు సారూ” అని నవ్వాడు. వనపర్తిలో ఇడ్లీ తిని, ఇంకో బస్సులో వనపర్తి రోడ్డు స్టేషనుకు వెళ్లి రైలెక్కాను. కృష్ణ వంతెన మీద బండి నెమ్మదిస్తుంది. నది చూడాలనుకునేవాళ్లు కిటికీ పక్కన చోటు చూసుకోవాలి. మధ్యాహ్నానికి గద్వాల చేరాను.

వీరన్న ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. “బన్ని, బన్ని” అని కన్నడంలో లోపలికి పిలిచి, తర్వాత తెలుగులోకి దిగాడు. పట్టుగుడ్డలో చుట్టి దాచిన కెమెరాను బయటికి తీశాడు. మూత తీస్తే తోలు ముడతల్లోంచి గాజు కన్ను ముందుకు వచ్చి నిలబడింది. చుట్టూ అంకెలు, వేగాలు, దూరాలు. డబ్బాతో తిరిగినవాడికి అది చూస్తే చెయ్యి ఆడదు. ఫిల్ము చుట్ట కూడా నా డబ్బాకు పట్టేదే. ఇలాంటి బేరానికి వెళ్లేవాళ్లు అన్నిటికన్నా ముందు అదే చూసుకోవాలి. కెమెరా ఎంత గొప్పదైనా దాని చుట్ట బజారులో దొరక్కపోతే అలమరలో బొమ్మే అవుతుంది.

“ఇంత మంచిదాన్ని ఎందుకు అమ్ముతున్నరు?” అని అడిగాను.

వీరన్న నెత్తి కొట్టుకున్నాడు. “చీరెల ఫోటోలు తీసి బొంబాయికి పంపుదామని కొన్న సారూ. ఎర్రంచు నల్లగొస్తది, పచ్చంచు గూడ నల్లగనే వస్తది. అక్కడి సేటు ‘ఏందయ్యా, మీ ఊర్ల అన్నీ నల్లచీరెలే నేస్తరా’ అని అడిగిండు. రంగు రానిది నాకెందుకు?”

నేను అక్క సంగతి చెప్పాను. అతను వినీ వినగానే కెమెరా మూసి నా చేతిలో పెట్టాడు. “ఊకె చూస్తే ఏం తెలుస్తది? తీస్కపొండ్రి. శనివారం నేను వనపర్తికి చీరెలు తెస్త. బొమ్మ మంచిగొస్తే పైసలియ్యిండ్రి, రాకుంటే కెమెరా ఇయ్యిండ్రి.” ముక్కూ మొహం తెలియనివాడిని అంతగా నమ్మితే నాకే భయం వేసింది. ఆ రాత్రి అతనింట్లోనే జొన్నరొట్టె, పుంటికూర తిని పడుకున్నాను.

గద్వాల నుంచి శ్రీరంగాపూర్‌కు మళ్లీ రైలూ బస్సూ పట్టుకుంటే చుట్టు దారి. అందుకని పొద్దున్నే ఎడ్లబండి మాట్లాడుకుని బీచుపల్లి రేవుకు వెళ్లి, పుట్టిలో కృష్ణ దాటాను. పుట్టి అంటే తోలు కప్పిన పెద్ద గంప. దానికి ముందూ వెనకా లేదు, తిరుగుతూ పోతుంది. “సారూ, ఆ పెట్టెలు ఒళ్ల పెట్టుకోండ్రి, నీళ్లు ఎగుర్తయ్” అన్నాడు పుట్టి నడిపే ఆయన. ఒళ్లో రెండు కెమెరాలు పెట్టుకుని, రెండు చేతులా పట్టుకుని, మంత్రసానిలా కూర్చున్నాను. వర్షాలు తగ్గి నది నెమ్మదించాక, కార్తీకం దగ్గర్లో ఈ దారి హాయిగా ఉంటుంది. వానల్లో మాత్రం వద్దు. అవతలి ఒడ్డు నుంచి పెబ్బేరు మీదుగా ఇంకో బండిలో చీకటి పడే వేళకు అక్క ఇల్లు చేరాను.

మర్నాడు పొద్దున అరుగు మీద కూర్చుని వేపపుల్ల నములుతున్నాను. మంచినీళ్ల బావి వైపు నుంచి అక్క వస్తోంది. నెత్తిన కడవ, చేతులు రెండూ కిందికే ఉన్నాయి. చూస్తూ చూస్తూ లేచి నిలబడ్డాను. అక్క తల ఊగడం లేదు! నిండు కడవ కింద ఆ మెడ నిటారుగా నిలిచింది. ఇన్నేళ్లు చూస్తున్నాను, ఎప్పుడూ కనిపెట్టలేదు. పరుగెత్తి డబ్బా కెమెరా తెచ్చి, “అక్కా, అట్లనే ఆగు” అని కేకేసి మీట నొక్కాను. నా ఆనందానికి పట్టపగ్గాలు లేవు. రెండు నెలల జీతం మిగిలింది, బర్రె వచ్చేస్తుంది, మా ఆవిడ ముందు తలెత్తుకుని తిరగొచ్చు.

“ఏందిరా తమ్మి, గట్ల ఎగుర్తున్నవ్?” అంది అక్క.

“అక్కా, కడవ ఉంటే నీ తల నిలబడ్తున్నది! ఇగ నీ ముఖం మంచిగొస్తది. కొత్త కెమెరా అక్కర్లేదు.”

ఆవిడ కడవ దించి అరుగు మీద పెట్టింది. తల మళ్లీ ఊగడం మొదలైంది. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

“పుట్టి బుద్దెరిగిన కాంచి మోస్తనే ఉన్న గదరా,” అంది. “నేను సచ్చినంక గోడ మీద గూడ నీళ్లే మోయాల్నా? నా మనుమలు చూస్తే గిదేనా చూసేది? జర కూసోనియ్యరా నన్ను.”

నాకు సిగ్గు వేసింది. కెమెరా అరుగు మీద పెట్టి, “ఎట్ల కూసుంటవక్కా?” అని అడిగాను.

“కుర్చీల.”

ఆ ఇంట్లో కుర్చీ లేదు. అక్క జన్మలో కుర్చీలో కూర్చోలేదు. అప్పుడే చేను నుంచి వచ్చిన మా బావ ఆ మాట విని గుమ్మంలోనే నిలబడిపోయాడు. “కుర్చీలనా? నా ముంగట్నా?” అన్నాడు.

“మరి నీ యెనకనా? నీకంత తక్లీఫయితే నువ్వు అటు మల్లి నిలబడు,” అంది అక్క.

బావ నా వైపు చూశాడు, అక్క వైపు చూశాడు, మీసం దువ్వుకున్నాడు. తర్వాత వెళ్లి, పట్వారి ఇంటి నుంచి చేతుల కుర్చీ ఒకటి నెత్తిన పెట్టుకుని తెచ్చాడు. దారిలో ఎవరో ఏదో అన్నట్టున్నారు, “నీ ఇంట్లది అడిగితే నువ్వు గూడ తేరా!” అని గట్టిగా జవాబు చెప్పుకుంటూ వచ్చాడు.

అక్క పెట్టెలోంచి మంచి చీర తీసి కట్టుకుంది. ఎండ నేరుగా పడే చోట కుర్చీ వేశాం. మడత కెమెరాతో ఇంకో తంటా ఉంది. దూరం సరిగ్గా కొలిచి అంకె తిప్పాలి, లేకపోతే వెనక గోడ బాగా వచ్చి మనిషి మసకబారుతుంది. మూరలతో కొలిచాను. అన్నిటికన్నా ఎక్కువ వేగం పెట్టాను. కూర్చోగానే అక్క తల ముందుకన్నా ఎక్కువ ఊగింది, కొత్త గదా. ఓపిక పట్టి చూశాను. ఊగే తల ఈ చివరికి వచ్చి అటు మళ్లేముందు ఒక్క లిప్త ఆగుతుంది. డబ్బాకు ఆ లిప్త చాలదు. దీనికి చాలాలి. మూడుసార్లు మీట నొక్కాను.

శుక్రవారమే వనపర్తి చేరి, ఫోటోల దుకాణంలో రెండు చుట్టలూ కడగమని ఇచ్చాను. శనివారం వీరన్న వచ్చేసరికి బొమ్మలు ఆరుతున్నాయి. మడత కెమెరా తీసిన మూడింటిలో రెండు చెడ్డాయి. మూడోదానిలో అక్క ఉంది. కళ్లు, ముక్కుపుడక, చేతులు ఒళ్లో పెట్టుకున్న తీరు, అన్నీ ఉన్నాయి. దుకాణంలోనే కళ్లు తుడుచుకున్నాను. డబ్బాలోని కడవ బొమ్మ కూడా అద్భుతంగా వచ్చింది.

వీరన్న రెండూ చూసి కడవ బొమ్మ దగ్గరే ఆగిపోయాడు. “ఇదే మంచిగుంది గద సారూ, మీ పాత డబ్బాదే! మరి నాదెందుకు కొంటున్నరు?”

“ఇది నాకు నచ్చింది. అది అక్క అడిగింది,” అన్నాను. డబ్బు లెక్కపెట్టి ఇచ్చాను.

నాలాగా సరదాకు ఫోటోలు తీసేవాళ్లు కొత్త కెమెరా కొనాలా వద్దా అని నన్ను అడిగితే, మీకోసమైతే ఉన్నదే చాలు అంటాను. డబ్బాతో వచ్చే బొమ్మలు ఈ పాలమూరు నిండా ఉన్నాయి, జీవితమంతా తీసినా తరగవు. నేను వెతికింది నాకు వీలైన బొమ్మను, దాన్నే అక్కకు చాలనుకున్నాను. ఎదుటి మనిషి తాను ఎలా కనబడాలనుకుంటుందో అది మీ కెమెరాకు చేతకాకపోతే, అప్పుడు మార్చండి. మా ఆవిడ ఇప్పటికీ బర్రె పేరెత్తుతూనే ఉంది, ఆమె తప్పేమీ లేదు. ఈ దారిన కెమెరాతో వెళ్లేవాళ్లకు ఒక సలహా: ఊళ్లోకి దిగగానే కుర్చీ ఎవరింట్లో ఉందో కనుక్కోండి.

దీపావళికి ఫోటోను అద్దం కట్టించి తీసుకెళ్లాను. అక్క పొయ్యి దగ్గర నుంచి లేచి, చేతులు కొంగుకు తుడుచుకుని, దాన్ని గుమ్మంలో వెలుతురుకు పట్టుకుంది. చాలాసేపు చూసింది. నేను ముఖం బాగా వచ్చిందా అని అడగబోయాను.

“పని లేకుండ ఊకె కూసుంటే నేను గిట్లుంటనా తమ్మీ?” అంది. “గిన్నేండ్లొచ్చినయ్, నాకే తెల్వదు.”