క్లారీ పొగ పంచాయతీ

క్లారీకి ఉన్నది ఒకటే జబ్బు. ఊళ్ళోవాళ్ళ పొగలన్నీ అతనికే కావాలి.

టాస్మేనియా కొండల మీది మా ఊళ్ళో ఇంటింటికీ కట్టెల పొయ్యే దిక్కు. మాకు నడి చలికాలమైన జూలైలో అది ఆరిందంటే మంచం పక్కన గ్లాసులో నీళ్ళు కూడా గడ్డకడతాయి. అందుకే లేస్తూనే అందరం పొయ్యి ముందు కూలబడతాం. క్లారీ మాత్రం తన పొయ్యి ముట్టించేసి, టీ కప్పుతో వరండాలో నిలబడి ఎదుటివాళ్ళ పొగగొట్టాలు చూస్తుంటాడు. డెబ్బై దాటిన మనిషి, మెడ మాత్రం కొంగలా సాగుతుంది.

నేను కొట్టు తెరవడం ఆలస్యం, హాజరు.

"ఏం నార్మా, ఇవాళ నీ పొగ ఆలస్యంగా వచ్చిందే?"

"నిద్రపట్టేసింది. తప్పా?"

"పైగా నల్లగా వచ్చింది. పచ్చి కట్టెలు పెట్టుంటావు."

"నా కట్టెలు, నా పొయ్యి, నా పొగ!"

"గొట్టంలో ఉన్నంతసేపే నీది. బయటికొచ్చాక ఊరిది."

ఇలాంటి మనిషితో ఏం వాదిస్తాం? బస్సు నడిపి రిటైరైన వాలీ ఒకసారి చెప్పకుండా చెల్లెలి ఇంటికి వెళ్ళొస్తే, క్లారీ అతని గుమ్మంలోనే కూర్చుని ఉన్నాడట. "నీకెందుకు చెప్పాలయ్యా?" అంటే, "రెండ్రోజులు పొగ లేకపోతే మనిషి ఏమనుకోవాలి?" అని ఎదురు తగువు.

అందరికంటే ఎక్కువ బాధలు పడింది అతని ఎదురింటి థెల్మా. ఎనభై దాటింది, నోరు మాత్రం పదహారేళ్ళది.

"థెల్మా, నీ పొగ వంకరగా పోతోంది."

"నా నడుమూ వంకరే. దాన్ని కూడా తిట్టిపో!"

పోయిన శీతాకాలం, మంచు కురిసిన ఒక పొద్దున క్లారీ కొట్టుకి వచ్చాడు. చేతిలో టీ కప్పు లేదు, మొహంలో నెత్తురు చుక్క లేదు.

"థెల్మా పొగ రాలేదు."

నవ్వబోయి అతన్ని చూసి ఆగిపోయాను. ఇద్దరం మంచులో జారుతూ పరుగెత్తాం. తలుపు బాదాం, కిటికీలు కొట్టాం, అరిచాం. ఉలుకూ లేదు, పలుకూ లేదు. క్లారీ ఆమె కట్టెల కొట్టంలోంచి గొడ్డలి తెచ్చాడు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. నాలుగు దెబ్బలకి తలుపు లోపలికి కూలింది.

లోపల ఎండాకాలం! పల్చటి గౌనులో, వట్టి కాళ్ళతో థెల్మా టోస్టు తింటోంది. చెవి మిషను బల్లమీద ఉంది. గోడకి బిగించిన కరెంటు మిషనొకటి వేడిగాలి ఊదుతోంది.

"ఏవిట్రా ఇది క్లారీ! దొంగవా, పిచ్చోడివా?" అంటూ చెవి మిషను తగిలించుకుంది. "నిన్న నువ్వు కట్టెలకి అడవికి పోయినప్పుడు మా మనవడొచ్చి ఇది బిగించాడు."

క్లారీ గొడ్డలి పట్టుకునే నేలమీద కూర్చున్నాడు. "బతికే ఉన్నావు," అన్నాడు.

"నేను బతికే ఉన్నాను. తలుపే చచ్చింది."

మా ముగ్గురికీ ఒకటే నవ్వు. ఆ నవ్వులో నాకు ఎంత హాయి కలిగిందో చెప్పలేను.

మధ్యాహ్నం కొత్త తలుపు బిగిస్తూ అతనే చెప్పాడు. "ఒంటరిగా ఉన్నవాళ్ళు బతికున్నారని ఎవరికి తెలుస్తుంది నార్మా? లేవగానే పొయ్యి ముట్టిస్తారు కదా, అది చూస్తే చాలు."

అప్పుడు వెలిగింది నాకు. వాలీ, థెల్మా, నేను. అతను సతాయించినవాళ్ళందరం ఒంటిగాళ్ళమే. పక్క సందులో పిల్లల తల్లి రోజంతా తారులాంటి పొగ వదిలినా క్లారీ ఒక్కనాడూ నోరెత్తలేదు.

మర్నాడు చూద్దును కదా, థెల్మా ఇంటిమీద పొగ! వెళ్తే మిషనూ ఆడుతోంది, పొయ్యీ మండుతోంది, ఉక్కకి కిటికీ బార్లా తీసి ఉంది.

"రెండూ ఎందుకు?"

"మళ్ళీ తలుపు నరికించుకునే ఓపిక నాకు లేదు," అంది. కుర్చీ మాత్రం వీధివైపు కిటికీ దగ్గరికి జరిగి ఉంది. "అయినా మనందరినీ వాడు చూస్తాడు సరే, వాణ్ణెవరు చూస్తారు? వాడూ ఒంటిగాడే కదా!"

కిటికీలోంచి తల బయటపెట్టి కేకేసింది.

"ఓయ్ క్లారీ! ఏమిటా పొగ? ఇంకో కట్టె వెయ్యి!"