వంగితే లేవని అల్లుడు

కమలాకర్ ఎవరి కాళ్లకు మొక్కినా ఒక పట్టాన లేవడు. వంగడం మాత్రం చటుక్కున వంగుతాడు. ఆ తర్వాత రెండు వేళ్లు పాదం మీద ఆనించి, కళ్లు మూసుకుని, అలాగే ఉండిపోతాడు. పెద్దవాళ్ల దగ్గర దీవెనలు అయిపోతాయి గానీ అతని దండం అయిపోదు.

మేనత్త లక్ష్మీనర్సమ్మ ఒకసారి కొడుకులు, మనవలు, మునిమనవల దాకా దీవించి, ఇక ఏమీ తోచక, "ఎవలన్న జర లేపుర్రి గీ పిలగాన్ని!" అని కేకేసింది.

భార్య శైలజకు తల కొట్టేసినట్టుండేది. అతను పాదం మీద నాడి వెతుకుతున్నాడని ఆమెకు తెలుసు. రోజూ షాద్‌నగర్ నుంచి బస్సులో హైదరాబాదు ల్యాబుకు పోయొస్తాడు. ఆపరేషన్లలో తీసిన రక్తనాళాల ముక్కల మీద లేజరు వేసి, తిరిగొచ్చే వెలుగును బట్టి అందులో పేరుకున్నది కొవ్వో సున్నమో తేల్చడం అతని కొలువు.

"నీ కొలువు ల్యాబులనే ఇడిసి రారాదయ్యా?"

"ల్యాబుకొచ్చేది ముక్కనే శైలూ. మనిషి ఈడుంటడు."

మూడు నెలల కింద పానగల్‌లో చుట్టాల పెండ్లి. శైలజ పెద్దబాపు పెద్దులు గొర్రెల కాపరి. అప్పటికి నాలుగడుగులు వేస్తే పిక్క పట్టేసి ఆగిపోతున్నాడు. దవాఖాన పేరెత్తితే, "నా గొర్లను నువ్వు కాస్తవా?" అని కయ్యిమంటాడు.

పందిట్లో కమలాకర్ ఆయన కాళ్లకు మొక్కాడు. ఎడమ పాదం చల్లగా ఉంది. నాడి ఎంత వెతికినా అందలేదు.

"లే అల్లుడా, బువ్వ సల్లారుతాంది."

"నాతోని దవాఖానకు వస్తనంటేనే ఇడుస్త మామా."

నలుగురి ముందు ఇంటల్లుడు కాళ్లు పట్టుకుని కూర్చుంటే కాదనే మామ ఎక్కడుంటాడు? పెద్దులు తిట్టుకుంటూనే కారెక్కాడు.

స్కానింగులో తొడ దగ్గర రక్తనాళం దాదాపు మూసుకుపోయి కనిపించింది. ఇంకో నెల ఆగితే కాలు తీసేయాల్సి వచ్చేదని డాక్టరమ్మ చెప్పింది. ఆపరేషన్ చేసి పూడిక తీశారు. ఆ ముక్క కమలాకర్ లేజరు కిందికే వచ్చింది.

"సున్నం పేరుకున్నది మామా."

పెద్దులు ఇంటికి రాగానే తమలపాకుల సున్నం డబ్బా గోడవతల పారేసి, నిశ్చింతగా బీడీ ముట్టించాడు.

"అయ్యో మామా, పారేసేది డబ్బ కాదే, బీడి!" అని కమలాకర్ లబోదిబోమన్నాడు.

ఇప్పుడు పెద్దులు గొర్రెల కంటే ముందు నడుస్తున్నాడు. అది చూసొచ్చిన సాయంత్రం శైలజ మొగుణ్ని నిలదీసింది.

"నాడి జూస్తనని అడగొచ్చు గదా? గీ మొక్కుడెందుకు?"

"రోగం జూస్తనంటే బెదురుతరు. కాళ్లు మొక్కుతనంటే నవ్వుకుంట ముందలికి పెడుతరు."

శైలజకు మొగుడి మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. అంతలోనే అనుమానమూ వచ్చింది.

"మన లగ్గంల మట్టెలు తొడిగేటప్పుడు, నా కాలు పట్టుకొని గంతసేపు కూసున్నది గూడ గందుకేనా?"

"మొదలు గందుకే," అన్నాడు కమలాకర్. "నాడి జల్దినే దొరికింది. ఇడువబుద్ధి గాలె."