తెల్లవారితే ఏ వారమండి?

రాజమండ్రి దేవీచౌక్ దగ్గర ఒక బట్టల కొట్టు మేడ మీద శివరామకృష్ణ కంప్యూటర్ పాఠాలు చెప్పేవాడు. తొంభైల మొదట్లో ఊళ్ళో సీ భాష నేర్పేవాళ్ళు పెద్దగా లేరు. అయినా ఊరికి అతను తెలిసింది పాఠాల వల్ల కాదు, జాతకాల వల్ల. పుట్టిన తేదీ, వేళ, ఊరు చెబితే చాలు, అతని కంప్యూటర్ నక్షత్రం, రాశి, పెళ్ళి పొంతన అన్నీ చెప్పేసేది. సిద్ధాంతి గారికి పూట పట్టే పని కాఫీ చల్లారేలోపు అయిపోయేది. జనం సిద్ధాంతి గారిని కూడా అంతగా నమ్మలేదు. అచ్చయి వచ్చిందంటే మనవాళ్ళకి అంత భక్తి మరి.

ఆ ప్రోగ్రాం అతనొక్కడే రాశాడంటే నేనొప్పుకోను. సగం పావనిది. నిడదవోలులో ఉండే మేనమామ పెద్దిరాజు కూతురు. డిగ్రీ సెలవుల్లో మేనత్త, అంటే శివరామకృష్ణ తల్లి బుల్లెమ్మ ఇంటికొచ్చి, పాత పంచాంగాలు ఒళ్ళో పెట్టుకుని, ఏ రోజు ఏ నక్షత్రమో పైకి చదివేది. అతను తెర మీద సరిచూసుకునేవాడు. ప్రశ్నలన్నీ తెలుగులోనే, ఇంగ్లీషు అక్షరాల్లో అడిగేదా తెర. పేరేంటి, తేదీ ఎంత, వేళ ఎంత, ఏ ఊరు.

"నీ మిషన్‌కి మర్యాద తెలీదు బావా. మన గోదారోళ్ళని అండీ అనకుండా అడుగుతోంది" అని ఏడిపించిందోసారి.

మర్నాటికి ప్రతి ప్రశ్న చివరా ఒక 'అండి' చేరింది. పావని పడీ పడీ నవ్వింది. ఇద్దరికీ ఒకరంటే ఒకరికి ప్రాణం. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరికీ అభ్యంతరం లేదు. మేనరికమే కదా.

మేనరికానికి జాతకాలు చూడనక్కర్లేదని బుల్లెమ్మ అంది. వినలేదు పెద్దిరాజు. మేనల్లుడి విద్య చూసుకుని మురిసిపోయే మనిషాయన. ముహూర్తాల మాట వచ్చిన రోజున పదిమంది బంధువుల్ని వెంటేసుకుని మేడెక్కాడు.

"నీ మిషన్‌లోనే చూడు అల్లుడూ. మనవాళ్ళు కూడా చూస్తారు."

"పావని పుట్టింది ఎప్పుడు మావయ్యా?"

"పధ్నాలుగో తారీఖు. మంగళవారం రాత్రి ఒకటిన్నర. మద్రాసు మెయిలు అప్పుడే స్టేషన్ దాటింది, నాకు బాగా గుర్తు."

శివరామకృష్ణ పధ్నాలుగు కొట్టాడు. రాత్రి ఒకటిన్నర కొట్టాడు. తెర మీద వారం కూడా మంగళవారమనే వచ్చింది. అమ్మాయి హస్త, అబ్బాయి శతభిషం. ఇద్దరిదీ ఒకటే నాడి. ఏకనాడి దోషం, వివాహం తగదు.

ఏకనాడి అంటే ఇద్దరిలో ఒకరి ప్రాణానికి చేటని ఆ గదిలో అందరికీ తెలుసు.

"ఇంకోసారి చూడు బావా" అంది పావని మెట్ల దగ్గర నుంచి.

మళ్ళీ కొట్టాడు, అవే అంకెలు. మళ్ళీ అదే జవాబు వచ్చింది. ఇంకా రాదా? తప్పుడు అంకె ఎన్నిసార్లు ఇచ్చినా కంప్యూటర్ అంతే ధీమాగా అదే తప్పు చెబుతుంది. ఆవేళ అతనికా ఆలోచన రాలేదు. ఊరందరికీ నిజం చెప్పే ప్రోగ్రాం తన దగ్గరికొచ్చేసరికి అబద్ధమని అనడానికి నోరు రాలేదు. తల వంచుకుని కూర్చున్నాడు. నాకిప్పటికీ ఆ మనిషి మీద కోపం అందుకే.

బుల్లెమ్మ చీర చెంగుతో కళ్ళొత్తుకుంటూ, "తెలిసి తెలిసి పిల్ల ప్రాణం మీదికి తేలేం తమ్ముడూ" అంది. పెద్దిరాజు మెట్లు దిగుతూ, "వస్తాం రామకృష్ణా" అన్నాడు. అల్లుడూ అనలేదు. ఆ తర్వాత ఇంకెప్పుడూ అనలేదు. చలికాలం వెళ్ళకుండానే పావనిని మొగల్తూరులో రొయ్యల చెరువులున్న వాళ్ళింటికి ఇచ్చారు. మొగుడు చెడ్డవాడు కాదు, అలాగని పలకరించి మాట్లాడేవాడూ కాదు. పుట్టింటికొచ్చినా పావని రాజమండ్రి వైపు రాలేదు.

మరుసటి ఏడు అప్పాయమ్మ గారని ఒకావిడ మనవడి జాతకానికి ఆత్రేయపురం నుంచి వచ్చింది.

"ఆదివారం రాత్రి మూడు గంటలకండి. తెల్లవారితే సోమవారం."

"తేదీ ఎంతండి?"

ఆవిడ ఆదివారం తేదీయే చెప్పింది. అతను కొట్టబోయి ఆగాడు. "రాత్రి పన్నెండు దాటితే తేదీ మారిపోతుంది కదండి?"

"తెల్లవారకుండా తేదీ ఎలా మారుద్దండి?" అంది అప్పాయమ్మ గారు, ఇంత చదువుకుని ఇదేం ప్రశ్న అన్నట్టు.

శివరామకృష్ణ కీబోర్డు మీంచి చేతులు తీసేశాడు. అతనూ ఆ మాటల్లోనే పెరిగాడు. రెండో ఆట సినిమా చూసి ఒంటిగంటకి ఇల్లు చేరినా అతనికది వెళ్ళిన రోజే. మంగళవారం రాత్రి ఒకటిన్నర అని మావయ్య అంటే, ఆయనకీ తనకీ అది మంగళవారమే. కంప్యూటర్‌కి మాత్రం అది అంతకు ముందటి రాత్రి, సోమవారం పడుకున్నాక వచ్చే ఒకటిన్నర. ఒక రోజంతా వెనక్కి వెళ్ళిపోయింది పావని పుట్టుక. ప్రోగ్రాం రాసిన రోజుల్లో పరీక్షించిందంతా పగలు పుట్టిన స్నేహితుల తేదీలతోనే. అన్నీ సరిపోయాయి, సిద్ధాంతి గారు కూడా భేషన్నారు.

అప్పాయమ్మ గారిని పంపించి, తలుపేసుకుని, పావనికి పదిహేనో తేదీ కొట్టాడు. చిత్త. నాడి వేరు. ఏ దోషమూ లేదు.

ఆ మధ్యాహ్నం అతను పిల్లలకి పాఠం చెప్పలేదు. ఇంకెంతమందిని ఇలా విడదీసి పంపించాడో లెక్క తెలియదు. తల్లికి చెప్పలేదు, మావయ్యకి చెప్పలేదు. చెబితే ఇప్పుడేం బాగుపడుతుంది? ప్రోగ్రాంలో మాత్రం ఒక ప్రశ్న చేర్చాడు. అర్ధరాత్రి దాటిన వేళ కొడితే తెర ఆగి, 'తెల్లవారితే ఏ వారమండి' అని అడుగుతుంది. ఆ తర్వాత ఏ పిల్లాడు ప్రోగ్రాం రాసి చూపించినా, "తప్పని చెప్పి ఆగిపోయేదాన్ని చూసి భయపడకండి. చక్కగా జవాబిచ్చేదాన్ని అనుమానించండి. రోజు అంటే వాళ్ళ ఉద్దేశం ఏంటో ముందు వాళ్ళనే అడగండి" అనేవాడు. పిల్లలు పరీక్షలో ఎన్ని మార్కులకి వస్తుందని అడిగేవారు.

పెళ్ళి మాట ఎత్తితే బుల్లెమ్మ మీద కసురుకునేవాడు.

తొంభై ఏడులో ఒకనాడు పావని మెట్లెక్కి వచ్చింది, భుజం మీద నెలల పాప. మోకాళ్ళ నొప్పులతో పెద్దిరాజు కింద కొట్టు అరుగు మీదే కూర్చుండిపోయాడు. పావని చిక్కిపోయింది. పాప నక్షత్రం చూసి, పేరు ఏ అక్షరంతో పెట్టాలో చెప్పమంది.

"ఎప్పుడు పుట్టింది?"

"గురువారం రాత్రి రెండింటికి బావా."

అతను తేదీ అడిగి కొట్టాడు, వేళ కొట్టాడు. తెర ఆగింది. ఆ తెర పావనికి కంఠతా వచ్చు. ముందుకు వంగి, కొత్త ప్రశ్న పెదాలు కదుపుతూ చదువుకుంది. చదివి, శుక్రవారమని మెల్లిగా చెప్పింది.

"ఇది అప్పుడు లేదు కదా."

"లేదు."

"నాది ఇంకోసారి చూశావా బావా?"

"చూశాను" అన్నాడు. కళ్ళ నిండా నీళ్ళొచ్చాయి, తుడుచుకోలేదు.

ఏం వచ్చిందని పావని అడగలేదు. అతని మొహం చూశాక అడగాల్సిన పనీ లేకపోయింది. పాపని ఇంకో భుజం మీదికి మార్చుకుని, అచ్చయిన కాగితం అందుకుని మెట్లు దిగింది.

"సరిగ్గా వచ్చిందా అమ్మా?" అని కింద పెద్దిరాజు అడగడం పైకి వినిపించింది.

"వచ్చింది నాన్నా. ఇప్పుడు సరిగ్గానే వస్తోంది."