మూడో గొట్టం మీద నీటి చుక్క

పోయిన బుధవారం పొద్దున మామ కొడుకు ఫోన్ చేశాడు. "నాయన పోయినాడక్కా" అని, "రేపు సాగనంపేదానికి నీ బండే రావాల, నువ్వే నడపాల అంటా ఉంది అమ్మ" అన్నాడు.

తిరుత్తణి రోడ్డులో మెకానిక్ షెడ్డు నడిపిన ఆ మనిషి నాకు చుట్టం కాదు, పిలుపుకే మామ. నేను తోటల నుంచి పూలు ఎత్తుకుని మార్కెట్టుకు చేర్చే చిన్న పికప్ బండి నడుపుతాను. ఈ పని ఇంకా నా చేతిలో ఉందంటే అది ఆయన చలవే.

ఆరేళ్ల కిందటి మాట. ఆయుధ పూజకు బండి కడగడమంటే మాకు పైపైన కడిగి వదలడం కాదు. సీటెత్తి, పైపు పెట్టి, దాని కింది ఇంజనుకు తలంటు పోసినంత పని చేశాను. పసుపు కుంకుమ పెట్టి, నిమ్మకాయలు తొక్కించి కదిలించానో లేదో, బండి దగ్గడం మొదలుపెట్టింది. మిట్ట ఎక్కదు. వెనక పచ్చి పెట్రోలు కంపు. చూసినవాళ్లంతా పెట్రోలు ఎక్కువ తాగుతోందన్నారు. ఒకాయన పంపు మార్చమన్నాడు, ఇంకొకాయన ఇంజనే విప్పాలన్నాడు. రెండు రోజులు పూలు బండిలోనే వాడిపోయాయి. మూడో రోజూ ఇంతే అయితే వేరే బండి చూసుకుంటామని రైతులు చెప్పేశారు. విసిగిపోయి, అమ్మేద్దామని పోతూ పోతూ ఆయన షెడ్డు ముందు ఆగాను.

ఆయన స్పానర్ ముట్టుకోలేదు. పొగ గొట్టం వెనక ఒక చిత్తుకాగితం పట్టుకున్నాడు. అది ఒకే తీరుగా ఎగరలేదు, మధ్యమధ్య గొట్టం వైపు లాక్కుంది, అంటే ఇంజను ఎక్కడో దెబ్బ తప్పుతోందన్నమాట. ఇంజను చల్లారేదాకా టీ తాగించి, మళ్లీ స్టార్టు చేయించి, ఒక నిమిషం ఆగాడు. తర్వాత లోటాలో వేళ్లు ముంచి, ఇంజను నుంచి పొగ బయటికొచ్చే నాలుగు గొట్టాల మీదా నీళ్లు చిలకరించాడు, దోసె పెనం కాలిందా లేదా అని చూసినట్టే. ఒకటి, రెండు, నాలుగో గొట్టాల మీద చుయ్యిమంది. మూడో గొట్టం వేడెక్కనే లేదు, దాని మీద చుక్క మాత్రం కదలకుండా కూర్చుంది.

"కంపొస్తే పెట్రోలు ఎక్కువైందని యాడుంది పాపా? నిప్పు అందలేదేమో చూడాల" అన్నాడు.

అక్కడ నిప్పు పుట్టించే మూడో ప్లగ్గు మీద, దానికి కరెంటిచ్చే కాయిల్ పీకితే, గుంటలో నా పూజ నీళ్లు నిలిచి ఉన్నాయి. సిగ్గుతో చచ్చాను. ఆయన నవ్వలేదు. గుడ్డ చేతికిచ్చి నన్నే ఒత్తి తీయమన్నాడు. పనిలో పనిగా మిగతా ప్లగ్గులు కూడా విప్పించి చూపించాడు. మొన నల్లగా మసి పడితే పెట్రోలు ఎక్కువ, తెల్లగా పాలిపోతే గాలి ఎక్కువ, బిస్కెట్టు రంగులో ఉంటే ఇంజను సుఖంగా ఉన్నట్టట. ఆ రోజు నుంచి బండి అమ్మే మాట ఎత్తలేదు.

మెత్తని మనిషేమీ కాదు. జబ్బు తెలుసుకోకుండా సామాను మార్చమంటే తిట్టేవాడు, దానికి మెకానిక్ ఎందుకు, అంగడివాడు చాలడా అని. చెవులు మందగించాక ఇంజను మీద అరచెయ్యి ఆనించి దాని వణుకు చూసేవాడు. ప్రతి ఆయుధ పూజ ముందురోజూ నాకు ఫోన్ వచ్చేది: "మొఖం కడుగు పాపా, కడుపులో పొయ్యొద్దు."

ఆ మాట గురువారం పొద్దున మరిచాను. రాత్రంతా వాళ్లింటి ముందే ఉన్న బండిని, ఆయన ఎక్కే బండి కదా అని, ఏడుస్తూ కడిగాను. నీళ్లు ఎక్కడ పోస్తున్నానో చూసుకోలేదు. దండలు కట్టి స్టార్టు చేస్తే, దగ్గింది.

వేరే బండి పిలుద్దామని ఎవరో ఫోన్ తీశారు. నాకు భూమిలోకి పోతే బాగుండుననిపించింది. అప్పుడు ఆయన భార్య, మా అత్త, లోపలికి పోయి లోటాతో నీళ్లు తెచ్చి నా చేతికిచ్చింది.

"నీకు నేర్పించినాడు గదా. చూడు" అంది.

సీటెత్తి చిలకరించాను. మళ్లీ మూడోదే, ఆ గుంట కాస్త పల్లం. కాయిల్ తీసి, చున్నీతో నీళ్లు ఒత్తి, ప్లగ్గు విప్పి తుడిచి బిగించాను. స్టార్టు చేసి పక్కకు జరిగాను. గొట్టాలు వేడెక్కేదాకా ఒక నిమిషం ఆగాం.

ఈసారి లోటాలో వేళ్లు ముంచింది అత్త. నాలుగు గొట్టాల మీదా చుయ్యిమని ఆవిరి లేచింది. తడి వేళ్లు అలాగే పట్టుకుని, ఆ ఆవిరి పోయేదాకా చూస్తూ నిలబడింది. తర్వాత ఆయన్ని ఎక్కించాం.