తెర మూలన ఊదా మచ్చ

దయ్యాల సంగతి నా దగ్గర ఎత్తితే ముందు నవ్వొస్తుంది, తర్వాత కోపమొస్తుంది. సారపాకలో టీవీలు బాగుచేసే షాపు నాది. డబ్బా టీవీల కాలంలో ఇలాంటి కబుర్లు విని ఎన్ని ఇళ్లకు పరుగెత్తానో లెక్కలేదు. తెరమీద మనిషి వెనక ఇంకో మనిషి కనబడుతున్నాడని ఒకామె టీవీకి నిమ్మకాయలు కట్టింది. నేను వెళ్లి యాంటెన్నా తిప్పాను, రెండో మనిషి పోయాడు. బొమ్మ నడుము దగ్గర వంగినా, అంచులు లోపలికి లాక్కుపోయినా, రంగులు చెదిరినా ఏదో ఒక కారణం ఉండి తీరుతుంది. అది దొరకలేదంటే మెకానిక్‌కు చేతకాలేదని అర్థం. ఇప్పటికీ అదే అంటాను. అలా అంటూనే ఇది రాస్తున్నాను.

మా తమ్ముడు లారీ డ్రైవరు. పోయిన ఎండాకాలం చర్ల నుంచి బైకు మీద వస్తుంటే అడవిపంది అడ్డమొచ్చింది. ప్రాణం దక్కింది గానీ కుడిచేతి నరం దెబ్బతిన్నది. ఆపరేషన్ చేసి మణికట్టులో ప్లేటు వేశారు. కుట్లు ఆరాయి, వేళ్లు మాత్రం ముడుచుకోలేదు. రోజూ కదిలిస్తేనే వస్తాయి, ఆలస్యం చేస్తే అలాగే బిగుసుకుపోతాయని దవాఖానాలో చెప్పారు. పిసకమని మెత్తటి బంతి ఇచ్చారు. వాడు దాన్ని మంచం కిందికి నెట్టేసి గోడవైపు తిరిగి పడుకున్నాడు. అమ్మ ఎంత బతిమాలినా ఉలకడు, పలకడు. స్టీరింగ్ పట్టని చెయ్యి ఉంటే ఎంత, లేకుంటే ఎంత అని ఒకసారి అన్నాడట. అమ్మ ఆ మాట నాకు చెప్పినప్పుడు నిజంగా భయమేసింది. చెయ్యి సంగతి తర్వాత, ముందు మనిషి దక్కాలి.

వాడికి చిన్నప్పుడు వీడియో గేమంటే ప్రాణం. అందులో ప్లాస్టిక్ తుపాకీతో తెరమీద బాతుల్ని కాల్చే ఆట ఒకటుంది. ట్రిగ్గర్ నొక్కాలంటే చూపుడువేలు ముడవాల్సిందే కదా అని నాకు తట్టింది. చిక్కేమిటంటే ఆ తుపాకీ ఇప్పటి పలచటి టీవీల ముందు పనిచేయదు. డబ్బా టీవీలో వెలుగు గీతలు గీతలుగా పరుగెత్తుతుంది, తుపాకీ కన్ను దాన్నే కనిపెడుతుంది. అందుకని అటక మీది మా పాత టీవీని, వాడి ఆట పెట్టెను, తుపాకీని దించాను. ఈమధ్య హైదరాబాద్ కుర్రాళ్లు పాత ఆటల కోసం ఇలాంటి టీవీలు వెతుక్కుంటూ వస్తున్నారు కాబట్టి షాపులో పార్టులకు కొదవ లేదు. అంచుల్లో వంగిన బొమ్మను సరిచేశాను. తెర కడిగిన పళ్లెంలా తయారైంది.

వాడు కొన్నాళ్లు తుపాకీ వైపే చూడలేదు. తర్వాత ఎడమచేత్తో కాల్చాడు. ఒక సాయంత్రం తనంతట తానే కుడిచేతికి మార్చుకున్నాడు. వేలు ట్రిగ్గర్ మీద ఉంది, కదలడం లేదు. అప్పుడు తెర కుడివైపు పైమూలన ఊదారంగు మచ్చ తేలింది. అరచెయ్యంత ఉంటుంది.

నేను భయపడలేదు, విసుక్కున్నాను. డబ్బా టీవీ దగ్గరికి అయస్కాంతం వస్తే రంగులు అలాగే చెదురుతాయి. పైగా ఆ మచ్చ మాకు కొత్తది కాదు. నాన్న బీపీ తగ్గుతుందని జాతరలో అయస్కాంతం కడియం కొనుక్కుని కుడిచేతికి వేసుకున్నాడు. అప్పట్లో తమ్ముడు ఆటకు కూర్చుంటే చాలు, నాన్న చేనులోంచి వచ్చినవాడు వచ్చినట్టే టీవీ పక్కన నిలబడి ఆ మూలమీద చెయ్యి వేసేవాడు. తెర చూసేవాడు కాదు, వీడి మొహం చూసేవాడు. ఊరందరి టీవీలు బాగుచేసేవాడి ఇంట్లో టీవీకి మచ్చ. చెప్పీ చెప్పీ నా నోరు పడిపోయింది గానీ ఆయన చెయ్యి తీయలేదు.

నాన్న పోయి నాలుగేళ్లయింది. శ్మశానంలో ఆ కడియం తీసింది నేనే. అస్థికలతో పాటు భద్రాచలంలో గోదావరిలో వదిలింది నేనే.

పాత మచ్చే మిగిలిపోయి ఉంటుందని, అయస్కాంతం ప్రభావం తీసే రింగు కాయిల్ తెచ్చి తెర ముందు తిప్పాను. పోయింది. మర్నాడు సాయంత్రం తమ్ముడు కుడిచేత్తో తుపాకీ పట్టగానే మళ్లీ వచ్చింది. నేనొక్కణ్ణే పొద్దంతా టీవీ నడిపి చూశాను, రాలేదు. ఫోన్లు, స్పీకర్లు, ఇన్వర్టర్ అన్నీ గదిలోంచి తీసేశాను. లోపలి ప్లేటు వల్లేమోనని వాడి మణికట్టు దగ్గర దిక్సూచి పెట్టాను, ముల్లు కదల్లేదు. టీవీని ఎదురుగోడకు మార్చాను. గదిలో ఏదో లాగుతుంటే మచ్చ చోటు మారాలి. మారలేదు. చివరికి షాపులోంచి వేరే కంపెనీ టీవీ, చిన్నది, తెచ్చి పెట్టాను. దాని మీద కూడా అదే మూలన తేలింది. ఆ సాయంత్రం పనిముట్ల పెట్టె మూసేశాను.

అమ్మ ఆట నడుస్తున్నంతసేపూ టీవీకి నాన్న నిలబడే పక్కనుంచి నడవడం మానేసింది. వంటింట్లోకి పోవాలన్నా వెనక వాకిలి నుంచి చుట్టూ తిరిగి వెళ్లేది.

ఇక లాభం లేదు, టీవీ ఎత్తేస్తానన్నాను. మంచాన పడ్డాక తమ్ముడు నా కళ్లలోకి చూసి మాట్లాడింది అప్పుడే.

"ఉండనీ అన్నా. గా మచ్చ వచ్చినంకనే వేలు జర కదుల్తున్నది."

ఎత్తలేదు. రోజూ వాడి పక్కనే కూర్చున్నాను. వాన ముసురు పట్టిన ఒక సాయంత్రం వాడి వేలు మెల్లగా, వణుకుతూ, పూర్తిగా ముడుచుకుంది. టక్‌మని చప్పుడైంది. బాతు పడింది. సరిగ్గా అప్పుడు ఆ మచ్చ మూలలోంచి తెర మధ్యదాకా జరిగింది, ఎవరో ముందుకు వంగి చూసినట్టు. కాసేపు అక్కడే ఉండి వెనక్కి పోయింది. తమ్ముడు తుపాకీ ఒళ్లో పెట్టుకుని ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. వాడు మాకు దక్కాడు.

దసరా తర్వాత వాడు మళ్లీ లారీ ఎక్కాడు. ఇప్పుడు షాపు మూసి వచ్చాక నేను ఆ టీవీ పెట్టుకుని కూర్చుంటున్నాను. పరీక్ష కోసమని మొదట్లో అనుకున్నాను. అది అబద్ధం. నాన్నను చూడాలని ఉంది. వాడి కోసం వచ్చినవాడు నా కోసం రాడా అని ఉంది. ఒకరోజు అమ్మ నన్ను అలా చూసి పక్కన కూర్చుంది.

"నీకేమైంది బిడ్డా, నువ్వు మంచిగనే ఉన్నవ్ గద. మంచిగున్నోని కాడికి ఆయన ఎందుకొస్తడు?"

ఆ మచ్చ ఎలా వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. నాకు తెలిసిన విద్యలో దానికి జవాబు లేదు. కుడిచేత్తో తుపాకీ పట్టుకుంటాను. బాతులు ఎగిరిపోతుంటాయి, నేను కాల్చను. ఆ మూలకేసి చూస్తూ కూర్చుంటాను. తెర శుభ్రంగా ఉంటుంది.