బర్రెలు ఓటెయ్యలే

మా మేడమ్ ఇక లేరని నాతో చదివిన సుజాత ఫోన్ చేసి చెప్పింది. ఏడుపు తర్వాత వచ్చింది. ముందు వచ్చింది ఒక ప్రశ్న: ఈ కబురు కూడా సుజాతకే ముందు తెలియాలా?

మేడమ్ పాతబస్తీలోని మా డిగ్రీ కాలేజీలో రాజనీతిశాస్త్రం చెప్పేవారు. మా నాన్న హమాలీ. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషిని నేను. తరగతిలో ఏది తేల్చాలన్నా మేడమ్ శాసనసభలా సభ పెట్టించేవారు. రెండు పక్షాలు వాదించాలి, చేతులెత్తి తేల్చాలి. ఆ తర్వాత గెలిచినవాళ్లు ఓడినవాళ్లకు చాయ్ పోయాలి. "గెలిచినోళ్ల చేతిల మైకు గాదు, కెటిల్ ఉండాలె" అనేవారు.

పరీక్షల సెలవుల్లో ప్రత్యేక తరగతులు ఎన్నింటికి పెట్టాలన్నది ఒకసారి సభకు వచ్చింది. నేను పొద్దున ఏడింటికి అన్నాను. పదింటికల్లా బేగంబజార్‌లో గిన్నెల దుకాణంలో పనికి చేరాలి. ఆ పని పోతే చదువూ పోయినట్టే. ఆ సంగతి సభలో చెప్పలేదు. చేతులు మావైపే ఎక్కువ లేస్తాయని తెలుసు, ఇక చెప్పడం దేనికి? సుజాత తొమ్మిదింటికి అంది. వాళ్లది లాల్‌దర్వాజాలో పాల వ్యాపారం. ఆమె పక్షంలో అందరూ పొద్దున్నే పాలు పిండి, ఇళ్లకు పోసి రావలసిన పిల్లలే.

మేమే గెలిచాం. మర్నాడు ఏడింటికి మా పక్షం బెంచీల మీద కూర్చుంది. అవతలి బెంచీలు ఖాళీ. మేడమ్ పాఠం మొదలుపెట్టలేదు, పేపరు చదువుకుంటూ కూర్చున్నారు. ఆ తర్వాతి రోజూ అంతే.

"మెజారిటీ మనదే గదా మేడమ్, షురూ చెయ్యుండ్రి" అన్నాను.

"నీదే బిడ్డా. గని బర్రెలు ఓటెయ్యలే."

వచ్చినవాళ్లంతా నవ్వారు. నేను 'మనదే' అంటే ఆవిడ 'నీదే' అన్నారు. నాకు గుచ్చుకున్నది అదే.

వాళ్లు దిగిరాలేదు, మేమూ దిగిరాలేదు. పరీక్షలు దగ్గరపడ్డాయి. చివరికి సుజాతతో తేల్చుకుందామని లాల్‌దర్వాజా వెళ్లాను. వాళ్ల కొట్టంలో బోర్లించిన పాలక్యాను మీద మేడమ్ కూర్చుని చాయ్ తాగుతున్నారు! మా ఇంటికి ఒక్కసారైనా రాని మేడమ్. ఒక దూడ ఆవిడ చీర కొంగు నాకుతోంది. ఆ దూడను చూసి కూడా నేను కుళ్లుకున్నాను.

"వచ్చినవా? కూసో. లొల్లి తర్వాత" అన్నారు.

ఏడింటికే ఎందుకని సుజాత వాళ్ల నాన్న అడిగాడు. అప్పుడు దుకాణం సంగతి చెప్పాను. ఆయన నవ్వి, ఆ దుకాణం సేటు ఇంటికి పాలు పోసేది తామేనని, తాను మాట్లాడతానని అన్నాడు. మాట్లాడాడు కూడా. నేను దుకాణానికి ఆలస్యంగా వెళ్లినా సేటు ఏమీ అనలేదు. తరగతి తొమ్మిదింటికి కుదిరింది. పని దక్కింది, పాఠమూ దక్కింది. మేడమ్ మాత్రం కెటిల్ సుజాత చేతికిచ్చి, "ఇయ్యాల గెలిచింది ఈ పిల్ల" అన్నారు. ఆ చాయ్ నేను తాగకుండా పక్కన పెట్టేశాను.

టీవీలో చూపించే శాసనసభలో ఒక పక్షం కేకలేస్తుంటే ఇంకో పక్షం బయటికి నడుస్తున్నప్పుడల్లా ఆవిడ మాట గుర్తొస్తుంది: "మంది ఉంటే కుర్చీ వస్తది. పని గావాలంటే అవతలోళ్ల ఇంటికి పోవాలె."

పెద్దకర్మ నాడు మాదన్నపేటలో మేడమ్ ఇంటికి సుజాత పాలక్యానుతో వచ్చింది. వంటింట్లో చాయ్‌పత్తి డబ్బా ఎక్కడుందో ఎవరినీ అడగలేదు. చాయ్ కాచి కెటిల్ ఎత్తింది. నేను పిడి పట్టుకున్నాను.

"ఇటియ్యి, నేను పోస్త."

"నువ్వెందుకే? ఆ రోజు గెలిచింది నేను."

"ఓట్లల్ల గెలిచింది నేను."

ఆమె వదల్లేదు. నేనూ వదల్లేదు. ముందు గదిలో మేడమ్ పాత విద్యార్థులు ఖాళీ గ్లాసులు పట్టుకుని మావైపే చూస్తున్నారు. ఒకే పిడి మీద మా రెండు చేతులు. కెటిల్ మూతిలోంచి ఆవిరి లేస్తూనే ఉంది.